ఒక్కరు పడితే అందరూ మొదటికే: టీమ్ అచీవ్‌మెంట్ల వెనుక లెక్క

క్లుప్తంగా: ఆన్‌లైన్ గేముల్లో కొన్ని అచీవ్‌మెంట్లు ఒక్కరి ఆటతో రావు. నలుగురో, ఎనిమిది మందో, ఇరవై అయిదుగురో కలిసి ఒక్క తప్పూ లేకుండా ఆడాలి. మంచి ప్లేయర్లున్న టీమ్‌లు కూడా వీటి దగ్గర వారాలు, నెలలు ఆగిపోతుంటాయి. చిన్న తప్పులు టీమ్‌లో ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోవడం ఇందుకు ముఖ్య కారణం. ఆ లెక్క ఎలా పనిచేస్తుంది, గెలిచిన టీమ్‌లు దాన్ని ఎలా తగ్గించుకుంటాయి, ప్లేయర్ల చేతిలో లేని షరతులు ఏమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కూడిక పనులు, గుణకారం పనులు

ఎక్స్‌బాక్స్ 360 మార్కెట్లోకి వచ్చిన 2005 నవంబరులోనే దానితో పాటు అచీవ్‌మెంట్లూ వచ్చాయి. ఆటలో ఫలానా పని చేస్తే ప్రొఫైల్ మీద ఒక గుర్తు, కొన్ని పాయింట్లు. 2007లో కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్, 2008లో ప్లేస్టేషన్ (అక్కడ వీటి పేరు ట్రోఫీలు) అదే బాట పట్టాయి. 2008 అక్టోబరులో ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోనూ ఈ పద్ధతి మొదలైంది. ఒంటరిగా ఆడే గేముల్లో ఇది సూటి వ్యవహారం. ఎంత సాధన చేస్తే గెలుపు అంత దగ్గరవుతుంది. ఓడిపోతే కారణం తన దగ్గరే ఉంటుంది. మళ్లీ మొదలుపెట్టడానికి ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

టీమ్‌తో సాధించాల్సినవి వేరు. వాటిలోనూ అన్నింటినీ ఒకే గాటన కట్టలేం. అందరూ కలిసి వెయ్యి మంది శత్రువుల్ని చంపాలి అన్నది కూడిక పని. ఒకరు తక్కువ చంపితే ఇంకొకరు ఎక్కువ చంపి లెక్క సరిచేస్తారు. నలుగురిలో ఒక్కరు చెలరేగి ఆడినా పని అయిపోతుంది. ఎవరూ చనిపోకుండా ముగించాలి అన్నది గుణకారం పని. ఇక్కడ ఒకరి గొప్ప ఆట ఇంకొకరి తప్పును కప్పలేదు.

సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఐవాన్ స్టైనర్ 1972లో సమూహాలు చేసే పనులను వర్గీకరించినప్పుడు ఈ తేడానే ఎత్తిచూపారు. కొన్ని పనుల్లో అందరి శ్రమా కలిసి ఫలితం అవుతుంది. మరికొన్నింటిలో, ఒకే తాడు కట్టుకుని కొండ ఎక్కేవాళ్లలాగా, అందరికంటే నెమ్మదిగా ఎక్కేవారి వేగమే గుంపు వేగం. ఆర్థికవేత్త మైకేల్ క్రెమర్ 1993లో ఇదే ఆలోచనను ఉత్పత్తికి అన్వయించి ఓ-రింగ్ సిద్ధాంతం అని పేరు పెట్టారు. 1986లో ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదానికి ఓ-రింగ్ అనే రబ్బరు సీలు వైఫల్యం కారణం కావడంతో వచ్చిన పేరది. మిగతా వేల భాగాలు ఎంత బాగున్నా ఆ ఒక్కదాని లోటును పూడ్చలేకపోయాయి. కష్టమైన టీమ్ అచీవ్‌మెంట్లన్నీ దాదాపుగా ఈ కోవలోవే.

99 శాతం ఎందుకు చాలదు

ఈ లెక్క స్పష్టంగా కనిపించే ఉదాహరణ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 'ది ఇమ్మోర్టల్' అనే టైటిల్ ఇచ్చే అచీవ్‌మెంట్. 2008 నవంబరులో వచ్చిన విస్తరణతో నాక్స్‌రామస్ అనే రెయిడ్ (పెద్ద టీమ్ కలిసి చేసే దాడి) 25 మంది టీమ్‌కు అందుబాటులోకి వచ్చింది. అందులో 15 బాస్ (పెద్ద శత్రువు) పోరాటాలు. ఒకే వారం గడువులో మొత్తం 15 ముగించాలి, ఏ బాస్ పోరాటంలోనూ టీమ్‌లో ఒక్కరు కూడా చనిపోకూడదు. ఆ రెయిడ్ అప్పట్లో కష్టమైనదేమీ కాదు. బాస్‌లను చంపడం చాలా గిల్డ్‌లకు (ప్లేయర్ల స్థిర బృందాలకు) మామూలు పని అయిపోయింది. అయినా ఈ టైటిల్ మాత్రం చాలామందికి దక్కలేదు.

లెక్క వేస్తే ఎందుకో అర్థమవుతుంది. 15 పోరాటాలు, 25 మంది అంటే ఎవరో ఒకరు చనిపోవడానికి 375 సందర్భాలు. ఒక్కొక్కరు ఒక్కో పోరాటంలో బతికి బయటపడే అవకాశం 99 శాతం అనుకుందాం. ఏ ప్లేయర్‌కైనా అది మంచి రికార్డే. కానీ 0.99ని 375 సార్లు గుణిస్తే వచ్చేది సుమారు 0.023. అంటే నూరు ప్రయత్నాల్లో రెండో మూడో మాత్రమే ఫలిస్తాయి. అదే అవకాశం 99.9 శాతం అయితే టీమ్ గెలిచే అవకాశం దాదాపు 69 శాతానికి చేరుతుంది. ఒక్కో ప్లేయర్‌లో కంటికి కనిపించని తేడా టీమ్ స్థాయిలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత అవుతోంది.

ఇదే రెయిడ్‌కు పది మంది రూపం కూడా ఉండేది, దానికి వేరే టైటిల్. అక్కడ సందర్భాలు 150. అదే 99 శాతం ప్లేయర్లతో గెలుపు అవకాశం 22 శాతం. ప్లేయర్లు మారలేదు, నైపుణ్యం మారలేదు. టీమ్ చిన్నదైనంత మాత్రాన అవకాశం దాదాపు పది రెట్లయింది.

నిజమైన ఆట ఈ లెక్కంత శుభ్రంగా ఉండదు. ఒకరి మరణం ఇంకొకరి మరణానికి దారితీస్తుంది, అన్ని పోరాటాలూ ఒకేలా ఉండవు. నాక్స్‌రామస్‌లోనే హైగన్ అనే బాస్ గదిలో నేల నాలుగు భాగాలుగా ఉంటుంది. నేలలోంచి విషం ఎగజిమ్మినప్పుడు ఒక్క భాగమే సురక్షితం, అదీ వరసగా మారుతూ ఉంటుంది. లయ తప్పకుండా అటూ ఇటూ పరిగెత్తాలి. సరిగ్గా ఆ సమయంలో ఒకరికి ఇంటర్నెట్ ఆగిపోతే అతని పాత్ర ఉన్నచోటే నిలబడి చనిపోతుంది. మిగతా 24 మంది ఏం చేసినా ఆ వారానికి టైటిల్ పోయినట్టే. ప్లేయర్ల సంఖ్యతో పాటు కనెక్షన్ల సంఖ్య, కంప్యూటర్ల సంఖ్య, ఇంట్లో తలుపు కొట్టేవాళ్ల సంఖ్య కూడా పెరుగుతుందన్న మాట.

రెండు శాతం తేడాకు మూడు రెట్ల పని

గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్‌లో 2015 మార్చిలో హైస్ట్‌లు (దోపిడీ మిషన్లు) వచ్చాయి. వాటితో పాటే క్రిమినల్ మాస్టర్‌మైండ్ అనే సవాలూ వచ్చింది. నలుగురు, అదే నలుగురు, ఇద్దరు ఆడే మొదటి హైస్ట్ పోగా మిగిలిన నాలుగింటినీ వాటి సెటప్ (సన్నాహక) మిషన్లతో సహా వరస తప్పకుండా, హార్డ్ స్థాయిలో, ఎవరూ ఒక్కసారి కూడా చనిపోకుండా పూర్తి చేయాలి. బహుమతి ఒక్కొక్కరికి ఆటలోని డబ్బు కోటి డాలర్లు. మధ్యలో ఒకరు చనిపోతే మళ్లీ మొదటి నుంచి రావాలి.

ఇది ఇమ్మోర్టల్ కంటే వేరే తరహా ఇబ్బంది. అక్కడ ఒక వారం పోతుంది. ఇక్కడ ఎక్కడ తప్పు జరిగిందన్న దాన్ని బట్టి నష్టం మారుతుంది. మొదటి మిషన్‌లో చనిపోతే పావుగంట పోతుంది, చివరి మిషన్‌లో చనిపోతే అన్ని రోజుల ఆటా పోతుంది. మొత్తం మిషన్లు ఇరవై దాటినా, లెక్క సులువు కోసం ఇరవై అనే అనుకుందాం. ప్రతి మిషన్‌లో ప్రతి ప్లేయర్ బతికే అవకాశం 99 శాతం అయితే, ఇరవై మిషన్ల వరసను పూర్తి చేయడానికి ఆ టీమ్ సగటున 31 మిషన్లు ఆడాల్సి వస్తుంది. 97 శాతం అయితే సగటున 91. ఒక్కొక్కరిలో రెండు శాతం తేడా మొత్తం పనిని దాదాపు మూడు రెట్లు చేస్తోంది. 'మేం బాగానే ఆడుతున్నాం, అయినా నెల రోజులుగా అవ్వట్లేదు' అని టీమ్‌లు వాపోవడం వెనుక ఉన్నది చాలావరకు ఈ గుణకారమే. దురదృష్టం పాత్ర అనుకున్నంత ఉండదు.

ఈ సవాలు గెలిచిన టీమ్‌లు వేగాన్ని, దూకుడును వదిలేశాయి. మొదటి హైస్ట్ పూర్తయ్యాక కొనుక్కోవడానికి దొరికే బుల్లెట్‌ప్రూఫ్ కురుమా కారు ఈ సవాలులో అంతగా పేరు తెచ్చుకున్నది అందుకే. అందులో కూర్చుంటే మామూలు తుపాకీ గుళ్లు దాదాపుగా తగలవు. గురి అద్భుతంగా ఉన్న ప్లేయర్ కూడా కారులోంచి దిగకుండా, నెమ్మదిగా, ఒక్కో శత్రువునే ఏరుకుంటూ ముందుకెళ్లాలి. చూడ్డానికి ఇది విసుగు పుట్టించే ఆట. నైపుణ్యాన్ని 97 నుంచి 99కి పెంచడం నెలల పని, ప్రమాదానికి ఎదురెళ్లే సందర్భాలను సగానికి తగ్గించడం మాత్రం ఒక్క నిర్ణయంతో అయిపోతుంది. గుణకారం పనుల్లో ఈ రెండో దారి ఎప్పుడూ చవకే. టీమ్‌లు మాత్రం మొదట సాధన మీదే పడతాయి, ఈ దారి ఆలస్యంగా గుర్తొస్తుంది.

ఇక్కడే టెన్షన్ సంగతి కూడా వస్తుంది. వరసలో ముందుకు వెళ్లేకొద్దీ పోగొట్టుకునేది పెరుగుతుంది. చేతులు బిగుసుకుంటాయి, ఎప్పుడూ చేయని పని చేయాలనిపిస్తుంది. చివరి మిషన్‌లో హఠాత్తుగా కొత్త ప్లాన్ వేసే టీమ్‌లు చాలా ఉంటాయి, 'ఇప్పుడు రిస్క్ వద్దు' అన్న పేరుతోనే. అలవాటైన దారి కంటే అలవాటు లేని జాగ్రత్తలోనే రిస్క్ ఎక్కువ.

వందల వైప్‌లు ఏం నేర్పుతాయి

అన్ని టీమ్ సవాళ్లూ 'ఒక్కసారి కూడా తప్పొద్దు' అనవు. కొన్ని ఎన్నిసార్లు ఓడినా మళ్లీ ప్రయత్నించనిస్తాయి, కానీ పోరాటమే విపరీతంగా కష్టం. 2017 జులైలో మెథడ్ అనే గిల్డ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కిల్‌జేడెన్ అనే బాస్‌ను అత్యంత కఠిన స్థాయిలో ప్రపంచంలో అందరికంటే ముందు చంపింది. అందుకు 654 ప్రయత్నాలు పట్టాయి. 20 మంది, అదీ ప్రపంచంలోనే మేటి ప్లేయర్లు, ఒకే బాస్ దగ్గర ఆరు వందలసార్లకు పైగా ఓడిపోయారు. రెయిడ్ ప్లేయర్ల భాషలో టీమ్ మొత్తం చనిపోయి మొదటికి రావడాన్ని వైప్ అంటారు. వాళ్ల రోజువారీ పని దాదాపుగా వైప్ అవడమే.

ఇలాంటి పోరాటాలు ఫేజ్‌లుగా (దశలుగా) సాగుతాయి. మొదటి ఫేజ్ దాటితేనే రెండోది కనిపిస్తుంది. సాధన ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఇక్కడ కీలకం. మూడు ఫేజ్‌ల పోరాటంలో మొదటి రెండింటినీ దాటే అవకాశం ఒక్కోదానికి సగం సగం అనుకుంటే, నూరు ప్రయత్నాల్లో 25 మాత్రమే మూడో ఫేజ్‌కు చేరతాయి. అంటే టీమ్‌కు అసలు తెలియని భాగం మీదే అతి తక్కువ సాధన దొరుకుతుంది. ఆ రెండు ఫేజ్‌లనూ 80 శాతం సార్లు దాటగలిగితే 64 ప్రయత్నాలు మూడో ఫేజ్ చూస్తాయి. తెలిసిన భాగాన్ని ఇంకా నున్నగా చేసుకోవడం వృథా శ్రమలా కనిపిస్తుంది. నిజానికి కొత్త భాగం మీద సాధన చేసే సమయం దాన్నుంచే వస్తుంది.

అందుకే అనుభవమున్న రెయిడ్ లీడర్లు కొన్ని ప్రయత్నాలను గెలవడానికి కాకుండా చూడటానికి వాడతారు. 'ఈసారి చివరి ఫేజ్‌లో ఆ వలయం ఎటు తిరుగుతుందో చూద్దాం, చంపడం సంగతి తర్వాత' అని ముందే చెబుతారు. ఆ ప్రయత్నం వైప్‌తో ముగిసినా ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ప్రశ్న లేకుండా 'ఇంకోసారి, ఇంకోసారి' అని పుల్ చేసే (పోరాటం మొదలుపెట్టే) టీమ్‌కు వందో వైప్, పదో వైప్ ఒకటే.

ఓటమి తర్వాత కారణం వెతికే తీరులోనూ టీమ్‌ల మధ్య పెద్ద తేడా ఉంటుంది. మొదట ఎవరు చనిపోయారన్నది స్క్రీన్ మీద పేరుతో సహా కనిపిస్తుంది కాబట్టి వేలు అటే వెళ్తుంది. కానీ ఆ మరణానికి పది, పదిహేను సెకన్ల ముందుకు వెళ్లి చూస్తే వేరే కథ బయటపడుతుంది. ట్యాంక్ (బాస్ దెబ్బలను తనమీదకు తీసుకునే ప్లేయర్) చనిపోయాడు, ఎందుకంటే హీలర్ నుంచి హీలింగ్ (ప్రాణశక్తి నింపడం) అందలేదు. హీలర్ దూరంగా ఉన్నాడు, ఎందుకంటే అతను నిలబడాల్సిన చోట ఇంకొకరు మంటను వదిలి వెళ్లారు. ఆ మూడో మనిషి పేరు మరణాల జాబితాలో ఎక్కడా ఉండదు. పోరాటంలో జరిగిన ప్రతి సంఘటననూ రాసిపెట్టే కాంబాట్ లాగ్‌లు, రికార్డ్ చేసిన వీడియోలు రెయిడ్ టీమ్‌లకు అంత అవసరం అయింది అందుకే. జ్ఞాపకం మీద ఆధారపడితే టీమ్‌లో మెత్తగా మాట్లాడేవారి మీదే నేరం పడుతుంది. ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అనుకుంటే పొరపాటు. తప్పు చేసినవారు భయపడి దాచుకుంటే టీమ్‌కు అందాల్సిన సమాచారమే ఆగిపోతుంది. 'అది నా తప్పే, బటన్ ఆలస్యంగా నొక్కాను' అని ఒక్క వాక్యంలో చెప్పగలిగే టీమ్‌లో తర్వాతి పుల్ రెండు నిమిషాల్లో మొదలవుతుంది. చెప్పలేని టీమ్‌లో అరగంట వాదన.

మైక్‌లో ఎవరు మాట్లాడాలి

కొత్త టీమ్‌లు ఎక్కువ మాట్లాడితే సమన్వయం పెరుగుతుందని అనుకుంటాయి. కొంతవరకు నిజమే. కానీ వాయిస్ ఛానెల్ ఒకే ఒక్క దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండూ వినపడవు. పైగా మాటకు సమయం పడుతుంది. చెప్పేవారు చూడాలి, పలకాలి, వినేవారు అర్థం చేసుకుని కదలాలి. ఈ లోపు రెండు సెకన్లు సులువుగా గడిచిపోతాయి. చాలా దాడులకు ఉండే గడువే అంత. అందువల్ల 'అయ్యో, వెనక వచ్చాడు' లాంటి మాట చాలాసార్లు జరిగిపోయినదాన్ని వర్ణిస్తుంది తప్ప ఎవర్నీ కాపాడదు.

కుదురుకున్న టీమ్‌లలో మాటలు తక్కువ, అవీ ముందే నిర్ణయించుకున్నవి. మొదట పేరు, తర్వాత చోటు, ఆ తర్వాత పని. రాబోయే దాడి గురించి ముందే హెచ్చరిక. ఒక్కరు మాత్రమే నడిపిస్తారు, మిగతావాళ్లు తమకు అప్పగించిన ఒకటి రెండు సమాచారాలే చెబుతారు. సరదా కబుర్లకు పుల్‌కూ పుల్‌కూ మధ్య విరామం ఉంది.

అంతకంటే ముఖ్యమైన పని మైక్ లేకుండానే జరుగుతుంది. మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1985లో ఒక భావన ప్రతిపాదించారు. దగ్గరగా పనిచేసే మనుషులు అన్నీ అందరూ గుర్తుపెట్టుకోరు, ఏది ఎవరికి తెలుసో గుర్తుపెట్టుకుంటారు అన్నది దాని సారం. పాత రెయిడ్ టీమ్‌లలో ఇది బాగా కనిపిస్తుంది. ఎడమవైపు వచ్చే దాడి సంగతి ఆ ఇద్దరు చూసుకుంటారన్న నమ్మకంతో మిగతావాళ్లు అటు చూడను కూడా చూడరు. ఆ చూడకపోవడమే వాళ్ల వేగం. అందుకే బాగా ఆడని ఒకరిని తీసేసి బాగా ఆడే కొత్తవారిని తెచ్చినా టీమ్ కొన్ని వారాలు వెనక్కి వెళ్తుంటుంది. కొత్తవారి గురి మెరుగే, కానీ వారు దేన్ని చూసుకుంటారో మిగతావారికి ఇంకా తెలియదు. 'వీక్ ప్లేయర్‌ని మార్చేద్దాం' అన్న తొలి ఆలోచన చాలాసార్లు తప్పు లెక్క.

అపరిచితులతో ఆడేవారికి ఇంత సమయం ఉండదు. అక్కడ గేమ్ డిజైన్ సాయపడాలి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్‌లో పింగ్ పద్ధతి అందుకే అంత ఆదరణ పొందింది. ఒక్క బటన్‌తో శత్రువు ఎక్కడున్నాడో, ఏ ఆయుధం కావాలో, ఎటు వెళ్దామో చూపించవచ్చు. మైక్ లేనివారు, భాష రానివారు కూడా టీమ్‌లో భాగం అవుతారు.

హాజరు పట్టిక కూడా ఒక బాస్

గెలుపు గురించి రాసేవాళ్లు పెద్దగా పట్టించుకోని విషయం, టీమ్‌లను ఎక్కువగా కూల్చే విషయం ఒక్కటే: అందరూ ఒకే సమయానికి రావడం. ఇరవై అయిదుగురిలో ప్రతి ఒక్కరూ పదింట తొమ్మిది రోజులు వచ్చే నమ్మకస్తులే అనుకుందాం. ఒక రాత్రి మొత్తం 25 మందీ హాజరయ్యే అవకాశం ఏడు శాతమే. అదే నమ్మకస్తులు 30 మంది ఉంటే కనీసం 25 మంది హాజరయ్యే అవకాశం దాదాపు 93 శాతం. అయిదుగురు అదనంగా ఉండటంతో ఏడు కాస్తా తొంభై మూడు అయింది. బెంచ్ మీద మనుషులు ఎందుకుండాలో ఇంతకంటే బలమైన వాదన లేదు.

కానీ బెంచ్ మీద కూర్చునే వారికి ఏం దక్కుతుంది? రాత్రంతా ఎదురుచూసి ఆడకుండా వెళ్లిపోవడం ఎవరికీ నచ్చదు. ఈ సమస్య పాతదే. 1999లో మొదలైన ఎవర్‌క్వెస్ట్‌లో డ్రాగన్‌లను చంపడానికి పదుల కొద్దీ మంది కావాలి, రాలే వస్తువులు మాత్రం ఒకటో రెండో. అప్పుడే గిల్డ్‌లు డ్రాగన్ కిల్ పాయింట్లు అనే లెక్క కనిపెట్టాయి. వచ్చినందుకు, పాల్గొన్నందుకు పాయింట్లు, ఆ పాయింట్లు ఖర్చు పెడితే లూట్. కొన్ని గిల్డ్‌లు బయట సిద్ధంగా ఉన్నవారికీ పాయింట్లు ఇచ్చాయి. ఆటలో ఎక్కడా లేని ఈ ప్రైవేటు కరెన్సీని ప్లేయర్లే తయారుచేసుకోవడం గమనించదగ్గ విషయం. శ్రమ అందరిదీ, బహుమతి కొందరిదీ అయినచోట లెక్క ముందే రాసిపెట్టకపోతే టీమ్ బాస్ చేతిలో కాక లూట్ దగ్గర విడిపోతుంది.

అచీవ్‌మెంట్లలో ఈ గొడవ కొంత తక్కువ, ఎందుకంటే టైటిల్ అందరికీ ఒకేసారి వస్తుంది. అయితే ఇంకో చిక్కుంది. అది దక్కిన మర్నాడే కొందరికి ఆడాల్సిన కారణం పోతుంది. పెద్ద గెలుపు తర్వాత విడిపోయే టీమ్‌లు ఓటమితో విడిపోయేవాటికి తక్కువేం కాదు. గెలుపుకు ముందే 'దీని తర్వాత ఏంటి' అని మాట్లాడుకున్న టీమ్‌లకు ఆ ఖాళీ అంతగా తగలదు.

షరతే తప్పు అయినప్పుడు

కష్టం అంతా ప్లేయర్ల వైపే ఉండదు. 2006 జనవరిలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో తెరుచుకున్న ఆన్‌కిరాజ్ రెయిడ్ చివర సథూన్ అనే బాస్ ఉండేది. 40 మంది మేటి గిల్డ్‌లు నెలల తరబడి ప్రయత్నించాయి. ఉన్న ఆయుధాలతో, ఉన్న నియమాలతో దాన్ని చంపడం గణితం ప్రకారమే సాధ్యం కాదని ప్లేయర్లు వాదించారు. ఏప్రిల్‌లో తయారీదారులు పోరాటాన్ని సవరించిన వెంటనే యూరప్‌కు చెందిన నిహిలం గిల్డ్ దాన్ని చంపింది. అప్పటిదాకా ఆ టీమ్‌లు తమలో తాము వెతుక్కున్న లోపాల్లో ఎన్నో అసలు లోపాలే కావు.

2008 ఆగస్టులో ఫైనల్ ఫాంటసీ 11లో జరిగింది ఇంకా తీవ్రమైనది. పాండెమోనియం వార్డెన్ అనే బాస్‌తో ఒక టీమ్ 18 గంటలకు పైగా పోరాడింది. కొందరికి వాంతులయ్యాయి, కొందరు సొమ్మసిల్లారు. చివరికి గెలవకుండానే ఆపేశారు. ఆ తర్వాత కంపెనీ ఆ బాస్‌కు రెండు గంటల గడువు పెట్టింది, అప్పటికి ఓడించకపోతే అదే మాయమవుతుంది. పట్టుదలను మెచ్చుకునే కథల్లో ఈ టీమ్‌ను చేర్చకూడదు. శరీరం మొరాయిస్తున్నప్పుడు ఆగిపోవడం ఒక్కటే సరైన ఆట, దాన్ని ఆ రాత్రి వాళ్లు ఎంతో ఆలస్యంగా ఆడారు.

డిజైన్ నిర్ణయాలు ఇంకో రకంగానూ దెబ్బతీస్తాయి. 2014 సెప్టెంబరులో వచ్చిన డెస్టినీలో ఆరుగురి రెయిడ్‌లకు మ్యాచ్‌మేకింగ్ (అపరిచితులను గేమే జతచేసే సౌకర్యం) పెట్టలేదు. తెలిసిన స్నేహితులతోనే ఆడాలన్నది ఉద్దేశం. ఎవరూ చనిపోకుండా రెయిడ్ ముగిస్తే వచ్చే 'ఫ్లాలెస్ రెయిడర్' ట్రోఫీ కావాలంటే, అయిదుగురు స్నేహితులు లేనివారు ముందు మనుషుల్ని వెతుక్కోవాలి. అలాగే ఆన్‌లైన్ ట్రోఫీలకు సర్వర్ బతికి ఉండాలి. ఎక్స్‌బాక్స్ 360 హేలో గేముల ఆన్‌లైన్ సేవలు 2022 జనవరిలో మూతపడ్డాక మ్యాచ్‌మేకింగ్ అవసరమైన అచీవ్‌మెంట్లు ఆ కన్సోల్‌లో అందకుండా పోయాయి. ఒక టీమ్ ఏదైనా మొదలుపెట్టే ముందు గడువు ఉందా, షరతు మారే సూచన ఉందా అని చూసుకోవడం సాధన ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.

అడ్డదారుల సంగతి

గుణకారం ఇంత కఠినంగా ఉన్నప్పుడు దాన్ని తప్పించుకునే దారులు పుట్టడం సహజం. గ్రాండ్ థెఫ్ట్ ఆటోలో ఎవరైనా చనిపోగానే ఆ ఫలితం నమోదు కాకముందే గేమ్‌ను మూసేసే చిట్కా విపరీతంగా వ్యాపించింది. డబ్బు తీసుకుని గెలిపించి పెట్టే వ్యాపారాలు ఇంకోవైపు. 2023 జనవరిలో ఫైనల్ ఫాంటసీ 14లో ఎనిమిది మంది ఆడే ఒమెగా ప్రోటోకాల్ అనే సవాలు వచ్చినప్పుడు, మొదట ముగించిన టీమ్‌లో ఒకరు కెమెరాను మామూలుగా వీలుకానంత దూరం జరిపే బయటి సాధనం వాడుతున్న వీడియో బయటపడింది. అది నిజమని తేలితే ఆ టీమ్‌ను తాను మాత్రం మొదటి విజేతగా గుర్తించనని గేమ్ నిర్మాత, దర్శకుడు నవోకీ యోషిడా ప్రకటించారు. ఇక్కడా గుణకారమే పనిచేసింది. సాధనం వాడినవారు ఎందరైనా, పేరు పోయింది ఎనిమిది మందికీ. టీమ్ నియమాల్లో 'ఏ సాధనాలు వాడొచ్చు' అన్నది కూడా మొదటిరోజే మాట్లాడుకోవాల్సిన అంశం అయింది.

గుంపులు ఎందుకు చిన్నవవుతున్నాయి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో మొదలైనప్పుడు పెద్ద రెయిడ్‌లకు 40 మంది కావాలి. 2007లో ఆ సంఖ్య 25కి వచ్చింది. 2014 నుంచి అత్యంత కఠిన స్థాయికి 20 మంది. ఫైనల్ ఫాంటసీ 14లో కఠినమైన రెయిడ్‌లకు ఎనిమిది మంది, డెస్టినీలో ఆరుగురు, హైస్ట్‌కు నలుగురు. పైన చెప్పిన లెక్కలన్నీ ఇందుకు కారణాలే. తక్కువ మందిని పోగుచేయడం తేలిక, తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టడం తేలిక.

చిన్న టీమ్‌కు దాని ఇబ్బందులు దానికున్నాయి. 90 శాతం హాజరుండే ఎనిమిది మందితో రాత్రికి అందరూ వచ్చే అవకాశం 43 శాతం. 25 మందితో పోలిస్తే ఎంతో మెరుగు, కానీ ఇంతకుముందులా బెంచ్ ఉండదు. 40 మందిలో ఒకరు సెలవు పెడితే ఆట సాగిపోయేది. ఎనిమిది మందిలో ఇద్దరే హీలర్లుంటే, ఒకరికి పరీక్షలు వచ్చిన నెలలో మిగతా ఏడుగురూ ఆగిపోవాల్సిందే. అందుకే ఇప్పటి చిన్న టీమ్‌లలో ప్రతి ఒక్కరూ తమ పాత్రతో పాటు రెండో పాత్ర కూడా నేర్చుకుని ఉంచుకోవడం మామూలైపోయింది. ట్యాంక్ రాని రాత్రి డీపీఎస్ (శత్రువును దెబ్బతీసే పాత్ర) ఆడేవారిలో ఒకరు ట్యాంక్ అవుతారు, ఆ రాత్రి పుల్‌లు తెలిసిన ఫేజ్‌ల మీదే జరుగుతాయి, కొత్త ఫేజ్ అసలు ట్యాంక్ తిరిగి వచ్చే రోజుకు ఆగుతుంది.